ఆమేన్ అనేదాకా

చర్చి గేటు ముందు ఒక ఆడమనిషిని రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళి వ్యానులో పడేశారట. లోపల అంతమంది మోకాళ్ళమీద ఉండి కూడా లేచొచ్చిన పాపాన ఒక్కరూ పోలేదట. ఈ మాట పక్కింటి కోళ్ళక్క చెప్పిందని వెల్డరుకు భార్య చెప్పింది. కోళ్ళక్కకు టీకొట్టువాడు చెప్పాడట. టీకొట్టువాడికి ఆ వ్యాను తోలినవాడే చెప్పాడట, టీలో పంచదార తక్కువైందని సణుగుతూ.

"ఇంకో మాట కూడా అంది," అంటూ భార్య చాటలో బియ్యాన్ని ఇటునుంచి అటు నెట్టింది. "మీ దేవుడికి చెవుడు లేదుగాని ఆయన్ని పిలిచేవాళ్ళకి వచ్చినట్టుందే, ఇకమీదట గుడ్లు తెచ్చినప్పుడు మీ గుమ్మంలో గొంతు చించుకోవాలి కాబోలు, అని."

వెల్డరు గడపమీద కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసు అడుగున మిగిలిన గుక్కెడు టీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాలికి గేటు కొట్టుకుంది. అంతే."

"నిన్నా?"

"నిన్న మధ్యాహ్నం. గాలి వీచింది కదా."

భార్య తల ఎత్తలేదు. మోకాళ్ళు వాచి ఆమె శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్ళలేదు. ఇంట్లోనే ఉండి దుప్పట్లు ఉతుక్కుంది. "నిన్న దుప్పట్లు ఆరేశాను," అంది బియ్యంలో రాయి ఏరి పక్కన పడేస్తూ. "పొద్దుగూకేదాకా చెమ్మ వదల్లేదు. తాడుమీద దిష్టిబొమ్మల్లా వేలాడాయి. కొస కూడా కదల్లేదు."

వెల్డరు లేచి, గ్లాసు తనే కడిగి బోర్లించాడు. పెళ్ళయిననాటినుంచి అతను గ్లాసు కడగడం ఆమె చూడలేదు. 

*

ఇంటికీ వెల్డింగు కొట్టుకీ మధ్య ఒక రేకు తలుపే అడ్డం. వెల్డరు తలుపు తోసుకుని వెళ్ళి, కిటికీ చట్రం ఒకటి బల్లమీద పడేసి, నల్లద్దం ముఖానికి అడ్డం పెట్టుకుని రాడ్డు ముట్టించాడు. అద్దం వెనక లోకమంతా చీకటి. మధ్యలో కరుగుతున్న ఇనుపచుక్క ఒకటే. దాన్ని చూసుకుంటూ పోతే ఇంకే పక్కకీ చూడక్కర్లేదు. అతనికి ఈ పనిలో నచ్చిందే అది. కాని ఆవేళ చుక్కలో కూడా వేళ్ళు కనిపించాయి.

నాలుగు వేళ్ళు. చూపుడువేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది.

ఆ వేళ్ళు చర్చిలో అందరికీ తెలుసు. కాగితాలు లేకుండా ఏరు దాటి, సరిహద్దు దాటి పనికోసం వచ్చినవాళ్ళని ఊళ్ళో అవతలివాళ్ళంటారు. ఈమె అవతలమ్మాయి. ఐసు షెడ్డులో చేపలు ఏరుతుంది. ఐసు కోసి ఎప్పుడూ ఏదో ఒక వేలికి పేలిక ఉంటుంది. వారానికి రెండుసార్లు వచ్చి చర్చి ఊడ్చి, చాపలు దులిపి, బల్లలు తుడిచి పోతుంది. వెంట కూతురు వచ్చి, దులిపిన చాపమీద అమ్మ తిట్టేదాకా దొర్లుతుంది. ఆదివారం ఇద్దరూ చివరి వరసలో కూర్చుంటారు. పాటలు రాకపోయినా పెదాలు కదుపుతారు.

గేటు వెల్డరు చేసిందే. మైకుసెట్టు దొంగతనం జరిగాక, బయటినుంచి చెయ్యిపెట్టి గడియ తీసే వీల్లేకుండా సగం ఎత్తుకి రేకు అతికించమన్నారు సంఘపెద్దలు. అతికించాడు. బయట ఒక రింగు వేలాడదీశాడు. వచ్చినవాళ్ళు రింగు ఎత్తి కొడితే లోపలివాళ్ళు వెళ్ళి గడియ తీయాలి. చక్కటి పని అని అందరూ మెచ్చుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం మోకాళ్ళ ప్రార్థన నడుస్తుండగా ఆ రింగు మోగింది.

ఆ చర్చిలో ఒక కట్టుబాటు ఉంది. మోకాళ్ళ ప్రార్థన మొదలయ్యాక అయ్యగారు ఆమేన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, లేవకూడదు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. ఒకసారి తేలు పాదంమీదినుంచి పాకిపోతున్నా సంఘపెద్ద మాస్టారు కదలకుండా ఉన్నాడని ఇప్పటికీ సాక్ష్యంగా చెప్పుకుంటారు. పాస్టరు అయ్యగారి ప్రార్థన కూడా తక్కువది కాదు. ఆయన మొదలుపెట్టాక పొయ్యిమీద కుక్కరు కూతలన్నీ కూసి చల్లారిపోతుందని ఆడవాళ్ళు నవ్వుకుంటారు.

ఆవేళ ఆయన దిక్కులేనివాళ్ళకోసం ప్రార్థిస్తున్నాడు. రింగు మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది, ఈసారి ఆపకుండా. వెల్డరు తలుపు పక్కనే, చివరి చాపమీద ఉన్నాడు. ఒక కన్ను తెరిచాడు. తెరిచిన తలుపులోంచి ఎదురుగా గేటు. రేకు పైన, చువ్వల మధ్య ఆ వేళ్ళు.

అతను ఎడమ మోకాలు ఎత్తాడు. పాదం నేలకు ఆనించాడు కూడా. పక్కన మాస్టారు దగ్గాడు. కళ్ళు తెరవకుండానే, మెల్లగా, క్లాసులో అల్లరి చేస్తున్నవాడిని హెచ్చరించినట్టు. అయ్యగారి గొంతు పెద్దదైంది. ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో "స్తోత్రం, స్తోత్రం" అని అందుకున్నారు. వెల్డరు ఎత్తిన మోకాలిని మళ్ళీ చాపమీద దించాడు.

బయట బూట్ల చప్పుడు, వ్యాను తలుపు జారిన చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత కాసేపటికి ఆమేన్ వచ్చింది. ఆరోజు అందరూ ఆమేన్ చాలా గట్టిగా అన్నారు.

"బ్రదర్!"

వెల్డరు రాడ్డు ఎత్తి, అద్దం దించాడు. కొట్టు ముందు మాస్టారు స్కూటరు దిగకుండా, ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డాడు. బడి ఉద్యోగం ముగిశాక సంఘం పనులన్నీ ఆయనే చూస్తున్నాడు.

"గేటు గోల ఎక్కువైంది బ్రదర్. గాలికి ఊరికే కొట్టుకుంటోంది. ఆ రింగు కింద ఒక రబ్బరు ముక్క వేసిపెడితే పీడా పోతుంది."

గాలికి గేటు ఊగుతుందిగాని రింగు లేవదు. లేవాలంటే చెయ్యి కావాలి. ఆ సంగతి చెప్పడానికి వెల్డరు నోరు తెరిచాడు.

"రేపు ఆరాధన అయ్యాక వేస్తాను," అన్నాడు.

"మందపాటిది వెయ్యండి," అని మాస్టారు స్కూటరు స్టార్టు చేశాడు.

*

ఆదివారం నాటికి గాలి బాగా పెరిగింది. ప్రకటనలు చదివేటప్పుడు అయ్యగారు, "మొన్న గాలికి గేటు చప్పుడై కొందరు కలవరపడ్డారని తెలిసింది," అని మాత్రమే అన్నాడు. ఆరాధన అయ్యి చెప్పులు వేసుకునే దగ్గరికి వచ్చేసరికి, తమ డాబామీద బకెట్టు దొర్లిపోయిందని ఒకామె అంది. వాళ్ళ వీధిలో రేకే లేచిపోయిందని ఇంకొకాయన అన్నాడు. ఇంకాసేపు ఉంటే ఇళ్ళు కూడా కూలేవి. చివరి వరస ఖాళీగా ఉందని ఎవరూ అనలేదు. అందరూ ఆ చాపను చుట్టూ తిరిగి దాటారు.

జనం వెళ్ళాక వెల్డరు సంచి దించి గేటు ముందు గొంతుక్కూర్చున్నాడు. టైరు ట్యూబులోంచి కోసి తెచ్చిన రబ్బరు ముక్కను రింగు కింద పెట్టి కొలత చూశాడు. సరిపోయింది. సుద్దతో గీత గీద్దామని వంగితే గేటు అడుగుచువ్వకి ఏదో అంటుకుని కనిపించింది. వేలెడు పసుపుపచ్చ గుడ్డముక్క. చువ్వకీ నేలకీ మధ్య జానెడు సందు ఉంది. వాననీళ్ళు పోవాలని అతనే వదిలాడు. ఆ సందులో మట్టి గీరుకుపోయి ఉంది. ఏ కుక్కో దూరి ఉంటుందనుకున్నాడు. గుడ్డముక్కను పారెయ్యబోయి, ఎందుకో జేబులో వేసుకున్నాడు.

"భోంచేశారా?"

అయ్యగారు. తెల్ల అంగీ తీసేసి మామూలు చొక్కాలో ఉన్నాడు. అలా చూస్తే బ్యాంకులో వరసలో నిలబడ్డ మనిషిలా, కొంచెం పొట్టిగా కనిపించాడు. వచ్చి గేటుకి అవతల పక్క, లోపలే నిలబడ్డాడు.

"ఇంకా లేదండి."

"ఆమెను పాత ధాన్యం గోదాములో పెట్టారట. మంగళవారం పొద్దున బస్సులో అందరినీ సరిహద్దు దాటిస్తారు. ఈ లోపల ఇక్కడివాళ్ళెవరైనా వెళ్ళి పూచీ నిలబడితే విచారణ అయ్యేదాకా ఉంచుతారట." అయ్యగారు చువ్వ పట్టుకున్నాడు. "పెద్దలతో మాట్లాడాను. మాస్టారు ఒప్పుకోలేదు. సంఘంలో ఆమె పేరు లేదు, బాప్తిస్మం ఇక్కడ కాదు, నిలబడితే రేపు చర్చి మీదికి వస్తారు అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు."

వెల్డరు సుద్దముక్కను నేలమీద దొర్లించాడు. "అయ్యగారూ. ఆవేళ గాలి వీచిందాండి?"

ఆయన చువ్వమీద పెచ్చులూడుతున్న రంగును గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"ప్రార్థన ముగింపుకి వచ్చేశాను," అన్నాడు చివరికి. "యేసు నామంలో అని కూడా అనబోయాను. అప్పుడే రింగు మోగింది. ఆమేన్ అంటే అందరూ లేస్తారు. లేస్తే ఎవరో ఒకరు వెళ్ళి తియ్యాలి. తీస్తే..." గోటితో ఇంకో పెచ్చు లేపాడు. "మళ్ళీ మొదటికి వెళ్ళాను. దిక్కులేనివాళ్ళు అయిపోతే రోగుల్ని ఎత్తుకున్నాను. రోగులు అయిపోతే ప్రయాణాల్లో ఉన్నవాళ్ళని. వ్యాను వెళ్ళిపోయిన చప్పుడు వినేదాకా నాకు ఎవరో ఒకరు గుర్తొస్తూనే ఉన్నారు."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఇద్దరూ అటు చూశారు.

"నేను వెళ్తే?" అన్నాడు వెల్డరు.

"సంఘం పేరు ఎత్తకండి," అన్నాడు అయ్యగారు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయన ముఖం చూడలేకపోయాడు వెల్డరు. వంగి సామాను సర్దుకున్నాడు. రబ్బరు ముక్కను కూడా సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళాడు.

*

సోమవారం కొట్టు తెరవలేదు. ఉతికిన చొక్కా వేసుకుని గోదాముకి వెళ్ళాడు. ధాన్యం ఉండేచోట ఇప్పుడు మనుషులున్నారు. వసారా పొడుగునా ఇనుపవల బిగించారు. వెల్డరు చూపు ముందు అతుకులమీదికే పోయింది. ఎవడో హడావిడిగా అతికించాడు, రాడ్డు సరిగ్గా కరగలేదు. గట్టిగా నాలుగు దెబ్బలు వేస్తే ఊడొస్తుంది. ఆ సంగతి తెలిసి ఒరిగేదేమీ లేదు.

బల్ల వెనక అధికారి జలుబుతో అవస్థ పడుతున్నాడు. మనిషి మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు.

"మీకు ఏమవుతుంది పెద్దాయనా ఈమె?"

వెల్డరు సంఘం పేరు ఎత్తకూడదనే వచ్చాడు. దారిపొడుగునా మా ఇంట్లో పనిచేస్తుంది అని చెప్పుకుంటూ వచ్చాడు. తీరా అడిగేసరికి, "మా సంఘం మనిషండి," అన్నాడు. చెప్పాక భయం వేసింది. కాని చాలాసేపు బరువు మోసి దించినప్పుడు చేతులు తేలిపోయినట్టు కూడా అనిపించింది.

అధికారి ముక్కు తుడుచుకుని లోపలికి కేకేశాడు. ఆమెను తీసుకొచ్చి వల అవతల నిలబెట్టారు. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలికి లేదు. వేలి పేలిక ఊడిపోయి కోత నల్లబడింది.

"విను," అన్నాడు అధికారి ఆమెతో. "ఈయన నీకు పూచీ ఉంటానంటున్నాడు. మంచిదే. ఉంటే నిన్ను రేపు పంపం. మావాళ్ళు వాళ్ళ చర్చికి వెళ్ళి, ఈయన ఇంటికి వెళ్ళి, చుట్టుపక్కల అడిగి, నువ్వు ఎక్కడున్నావు, నీతో ఇంకెవరెవరున్నారు అంతా చూసుకుంటారు. అది పద్ధతి. ఇప్పుడు చెప్పు, ఈయన నీకు తెలుసా?"

ఆమె వెల్డరు ముఖంలోకి చూసింది. రాడ్డు నిప్పురవ్వలు పడి మచ్చలు తేలిన అతని చేతులకేసి చూసింది. బల్లమీద గడియారం టిక్కుటిక్కుమంటోంది.

"తెలియదు."

"సరిగ్గా చూడు."

"ఎప్పుడూ చూడలేదు సారూ."

వెల్డరు లేచి వల దగ్గరికి వెళ్ళాడు. "అదేంటమ్మా. చాపలు నువ్వే కదా దులిపేది. మా ఇంటావిడ నీకు చలికి దుప్పటి కూడా ఇచ్చింది, నీలం అంచుది."

"ఈయన ఎవర్నో చూసి నేననుకుంటున్నాడు," అంది ఆమె అధికారితో, తన యాసలో, ఒక్కో మాటా జాగ్రత్తగా పెడుతూ. "పెద్దమనిషి. ఎండలో వచ్చాడు. పొమ్మనండి."

వెళ్ళిపోతూ ఒక్క క్షణం ఆగింది. తల తిప్పలేదు. అధికారికి కనబడని పక్కన, నడుంకంటే కాస్త కిందికి, అరచెయ్యి బోర్లా పెట్టి గాలిని రెండుసార్లు నిమిరింది. తర్వాత లోపలి చీకట్లోకి నడిచింది, ఒక కాలు చప్పుడవుతూ, ఒక కాలు కాకుండా.

*

"మంచి పని చేసింది," అన్నాడు వెల్డరు ఇంటికొచ్చి మంచంమీద కూలబడి. "నేనామెకు తెలియదు. తెలిసుంటే ఆవేళ గేటు తీసేవాడిని." అప్పుడు చెప్పాడు భార్యకి రింగు సంగతి, వేళ్ళ సంగతి, మోకాలు ఎత్తి దించిన సంగతి.

ఆమె మోకాళ్ళకి వేడినీళ్ళ గుడ్డ వేసుకుంటోంది. తిట్టలేదు. ఏడవలేదు. అతను ముగించాక, "చెయ్యి ఎలా పెట్టిందన్నావు?" అంది.

అతను చూపించాడు.

"ఎంత ఎత్తున?"

"ఇంత."

భార్య చేతిలో గుడ్డ గిన్నెలో జారిపోయింది. "పిల్ల," అంది.

వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళలో చర్చిలోగాని, వీధిలోగాని, ఈ ఇంట్లోగాని పిల్ల ఏమైందని ఒక్కరూ అడగలేదు.

"తల్లితోపాటే తీసుకుపోయారనుకున్నానే," అంది భార్య.

వెల్డరు నిన్నటి చొక్కా జేబులోంచి పసుపుపచ్చ ముక్క తీసి మంచంమీద పెట్టాడు. భార్య దాన్ని వేళ్ళమధ్య నలిపి చూసింది. చూడక్కర్లేదు. తన పాత చీరలోంచి ఆ గౌను కుట్టింది తనే. గోడ పట్టుకుని లేచింది. "పద," అంది. "మధ్యాహ్నం కోళ్ళక్క తాడుమీద పసుపుపచ్చది ఆరేసి ఉంటే, ఈవిడకి ఈ వయసులో ఈ రంగు మోజేమిటా అనుకున్నాను."

కోళ్ళక్క ఇల్లు పక్కదే. దాని పెరటిగోడా చర్చి వెనకగోడా ఒకటే. కోళ్ళక్క ఏ ప్రార్థనకీ పోదు. ఆదివారం ఆవిడకి కోళ్ళగూడు కడుక్కునే రోజు. తలుపు ఓరగా తీసి, వెడల్పాటి ఒంటితో సందంతా మూసేసి నిలబడింది.

"గుడ్లు లేవు. కోళ్ళు అలిగాయి."

"గుడ్లకోసం రాలేదక్కా," అంది భార్య.

"మరి ఈయనెందుకు? ప్రార్థన చేయించడానికా?"

వెల్డరు తల దించుకున్నాడు. భార్య గుడ్డముక్క చూపించింది. కోళ్ళక్క దాన్నీ, ఇద్దరి ముఖాల్నీ మార్చి మార్చి చూసి, పక్కకి తప్పుకుంది.

పిల్ల వంటింటి మూల, కోళ్ళక్క పొడుగాటి జాకెట్టు వేసుకుని పీటమీద కూర్చుంది. ముందు గుడ్ల బుట్ట ఉంది. తడిగుడ్డతో ఒక్కో గుడ్డు తుడిచి అట్టలో పెడుతోంది. వీళ్ళని చూసి గుడ్డు పెట్టేసి లేచి, గోడకి ఆనుకుంది.

"శుక్రవారం మధ్యాహ్నం నా కోళ్ళు గోల చేశాయి," అంది కోళ్ళక్క. "వెళ్ళి చూస్తే ఇది గూట్లో ముడుచుకుని కూర్చునుంది, ఒళ్ళంతా మట్టి, గేటు కింద దూరి గోడ దూకిందట. కోళ్ళు అరిస్తే లేచి చూడటం నాకు అలవాటు. చదువుకున్నదాన్ని కాదు కదా." గొంతు తగ్గించింది. "ఊరంతా ఎందుకు చాటాననుకున్నావే? మీలో ఎవరికైనా మండుతుందేమో చూద్దామని. మండినవాళ్ళకే ఈ సంగతి చెబుదామని. ఇదిగో, ఇప్పటికి వచ్చారు."

వెల్డరు పిల్ల ముందు నేలమీద కూర్చున్నాడు. "మీ అమ్మని చూశాను తల్లీ."

"ఏమంది?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. "నేనెవరో తెలియదంది."

పిల్ల తల ఊపింది. తేలికపడ్డట్టే కనిపించింది. "నాకూ అలాగే చెప్పింది. ఎవరు అడిగినా అమ్మ ఎవరో తెలియదు అనమంది." మళ్ళీ పీటమీద కూర్చుని, గుడ్డు చేతిలోకి తీసుకుంది. "నేను అనలేదు. కోళ్ళ పెద్దమ్మ అడిగితే ఏడ్చేశాను."

*

సరిహద్దుకి పోయే రోడ్డు వెల్డింగు కొట్టు ముందునుంచే. మంగళవారం పొద్దున్నే వెల్డరు, ఎవరో చేయించుకుని తీసుకెళ్ళని పెద్ద గేటును ఈడ్చుకొచ్చి రోడ్డు అంచున నిలబెట్టాడు. భార్య పసుపుపచ్చ గౌను తెచ్చింది. చిరిగిన అంచుకి ఆ ముక్కనే పెట్టి కుట్టేసింది.

"మధ్యాహ్నానికల్లా ఇచ్చెయ్యాలట. పిల్లకి వేరే గౌను లేదు," అంది.

గౌనును గేటుకి మధ్యలో, రెండు చువ్వలకీ చేతులు చాచినట్టు కట్టారు. మట్టి మరకలు పోయి ఎండకి మెరుస్తోంది. ఉతికిందని, కుట్టిందని, ఇస్త్రీ చేసి ఉందని దూరంనుంచి చూసినా తెలుస్తుంది. తల్లికైతే ఇంకా తెలుస్తుంది.

బస్సు వచ్చింది. కిటికీలకి వలలు. వలల వెనక ముఖాలన్నీ ఒకే రంగులో, గళ్ళు గళ్ళుగా ఉన్నాయి. కొట్టు ముందు రోడ్డు గుంతపడి ఉండటంవల్ల నెమ్మదించింది. వెల్డరు గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి ఊపుదామంటే ముందు సీట్లో కాపలావాడు ఇటే చూస్తున్నాడు. బస్సు గుంతలో దిగి, ఒరిగి, లేచింది. లోపల ఎవరో వలమీద అరచేత్తో కొట్టారు. ఒక్కసారే. ఆమేనో, ఇంకెవరో, కుదుపుకి పడిపోకుండా ఆసరా పట్టుకున్నవాళ్ళెవరో. దుమ్ము అణిగేసరికి బస్సు మలుపు తిరిగిపోయింది.

భార్య వచ్చి గౌను విప్పి, దుమ్ము దులిపి, మడతపెట్టుకుని లోపలికి వెళ్ళింది.

*

బుధవారం వెల్డరు గ్రైండరు పట్టుకెళ్ళి చర్చి గేటు రేకు కోసేశాడు. గడియకి ఒక కమ్మీ అతికించి, రింగు తిప్పితే బయటినుంచి కూడా జరిగేటట్టు చేశాడు. మధ్యలో మాస్టారు వచ్చి స్కూటరు ఆపాడు.

"ఎవర్నడిగి కోశారు బ్రదర్?"

"గాలికి ఇబ్బందిగా ఉంటోందన్నారు కదా మాస్టారూ. వస్తే గడియ తీసుకుని లోపలికి వస్తుంది."

మాస్టారు దగ్గి వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, అందరూ మోకాళ్ళు వేయబోతుంటే వెల్డరు లేచి నిలబడ్డాడు. సాక్ష్యం చెబుతాడనుకుని అయ్యగారు ఆగాడు. వెల్డరుకి జనం ముందు మాట్లాడే అలవాటు లేదు. ముందున్న బల్ల అంచు పట్టుకున్నాడు.

"పోయిన వారం రింగు మోగినప్పుడు నేను కళ్ళు తెరిచాను. ఆ చెయ్యి చూశాను. లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. గాలి లేదు. మా ఇంట్లో దుప్పట్లు కూడా ఆరలేదు." ఇంకేదో చెప్పాలనుకున్నాడు. గుర్తు రాలేదు. కూర్చున్నాడు.

ఫ్యాను తిరుగుతోంది. ఆడవాళ్ళ వైపు ఎవరో ముక్కు ఎగపీల్చారు. మాస్టారు కళ్ళజోడు తీసి అద్దాలు తుడుస్తూ ఉండిపోయాడు, ఎంతకీ ముగియనట్టు.

"నేనూ విన్నాను," అన్నాడు అయ్యగారు. ఆ రోజు ఆయన ప్రార్థన చాలా చిన్నది. ఆమేన్ ఎప్పుడు వచ్చిందో కూడా కొందరికి తెలియలేదు.

జనం వెళ్ళాక వెల్డరు ఆయనకి పిల్ల సంగతి చెప్పాడు. అయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ అప్పటికప్పుడే బయల్దేరారు. అమ్మగారు ఇంట్లోకి పోయి ఒక దిండు, చిన్న కొత్త కంచం తెచ్చింది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియనట్టు రెండూ చంకలో ఇరికించుకుని నడిచింది. వెల్డరు భార్య మోకాళ్ళు పట్టుకుంటూ వెనకే వచ్చింది.

కోళ్ళక్క తలుపు తీసి, గూడు వైపు వెళ్ళి నిలబడింది. పిల్ల పసుపుపచ్చ గౌనులో పెరటి మెట్టుమీద కూర్చుని గుడ్లు తుడుస్తోంది. అయ్యగారు ప్యాంటు మోకాళ్ళు పైకి లాక్కుని, ఆ మట్టిలోనే, పిల్ల ఎత్తుకి గొంతుక్కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. అవి ఉత్తుత్తి నీళ్ళు కావు.

"మా ఇంటికి వచ్చెయ్యి తల్లీ," అన్నాడు. "అమ్మగారు నీకు పక్క వేస్తారు. బడికి పంపిస్తాం. ఎవరొచ్చినా మేం చూసుకుంటాం. రోజూ సాయంత్రం అందరం మోకాళ్ళు వేసి మీ అమ్మకోసం ప్రార్థన చేద్దాం."

పిల్ల చేతిలో గుడ్డును వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసింది. బాగానే ఉన్నట్టుంది. అట్టలో పెట్టింది.

"వద్దు," అంది. "మీరు ప్రార్థన చేసేటప్పుడు ఎవరైనా వస్తే తలుపు తియ్యరు."